నానమ్మకి రెండో పక్క

ఫిబ్రవరి 25

ఈ రోజు మా బాస్కెట్‌బాల్ జట్టు సీనియర్ల వీడ్కోలు ఆట. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకు రానివాళ్ళు కూడా దీనికి వస్తారు. నాలుగేళ్ళూ మా కాలేజీకే ఆడినవాడు ఆట మొదలవకముందు అమ్మానాన్నల చేతులు పట్టుకుని కోర్టు మధ్యదాకా నడుస్తాడు. మైకులో పేర్లు చదువుతారు, అమ్మకు పూలిస్తారు. నాన్న ఎటు చూడాలో తెలియక స్కోరుబోర్డు చూస్తాడు. ఒకప్పుడు వరసకట్టి నడిచేవాళ్ళు. ఈసారి ఒక్కడే నడిచాడు, వాడు కూడా నాలుగేళ్ళూ బెంచీ మీద కూర్చున్నవాడే. బాగా ఆడేవాళ్ళు నాలుగో ఏటికి మిగలడం లేదు. వసంతం రాగానే ఎవడి దారి వాడిది.

ఆరిన్ నా వెనకే నిలబడ్డాడు. మా సెంటర్, అంటే రింగ్ కింద ఆడేవాడు. ఏడడుగుల మనిషి, మూడో ఏడు. వాడు వెనక నిలబడితే నా మీద నీడ పడుతుంది.

"కోచ్, వచ్చే ఏడు నేను నడిచేటప్పటికి నానమ్మ మోకాళ్ళు ఇంకా పాడవుతాయి. ఒక పక్క నేను పట్టుకుంటే చాలదు. రెండో పక్క ఎవరైనా ఉండాలి" అన్నాడు.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే. నువ్వు ముందు ఫ్రీత్రోల సంగతి చూసుకో" అన్నాను.

నవ్వాడు. నవ్వాడనే అనుకుంటున్నాను, నేను వెనక్కి తిరగలేదు.

గెలిచాం. ఫ్రీత్రోలు సగమే వేశాడు.

మార్చి 9

సీజను అయిపోయింది. టోర్నమెంటులో రెండో ఆటకే ఓడాం. ఓడితే ఓడాం, ఆరిన్ ఆట మాత్రం దేశమంతా చూసింది. రింగ్ కింద ముగ్గురు మీదపడినా బంతి వాడి చేతిలోంచి ఊడలేదు. ఆట తర్వాత వాడి ఫోను బల్ల మీద బతికున్న చేపలా ఎగురుతూనే ఉంది.

నేను పెద్ద మనుషుల కోచ్‌ని. అంటే జట్టులో పొడుగాటివాళ్ళకు నేర్పడమే నా పని, ముప్ఫై ఏళ్ళుగా ఇదే. ఒక్కటి మాత్రం నాకు ఖాయంగా తెలుసు. గార్డులు, అంటే బంతి నడిపే పొట్టివాళ్ళు, కాలేజీకి వచ్చేటప్పటికే ఆడటం వచ్చినవాళ్ళు. సెంటర్ అలా కాదు, ఆలస్యంగా పండే పంట. మొదటి ఏడు వాడి కాళ్ళే వాడికి అడ్డం. రెండో ఏడు మన గొంతు అరుగుతుంది. మూడో ఏడు ఆశ పుడుతుంది. నాలుగో ఏట కదా కోత! ఆ కోతవేళకు పక్క పొలంవాడు డబ్బు సంచితో కంచె దగ్గర నిలబడుతున్నాడు.

ఆరిన్ ఉత్తరాన బాతుల ఫారంలో పెరిగాడు, నానమ్మ దగ్గర. పారిపోయే బాతును ఒంటిచేత్తో పట్టినవాడికి బంతి ఒక లెక్క కాదు. వాడికి లేనిదల్లా నోరు. రింగ్ కింద ఖాళీగా నిలబడేవాడు, బంతి కావాలని మాత్రం అడిగేవాడు కాదు. మర్యాద తక్కువట. మొదటి ఏడాదంతా నేను నేర్పింది ఒక్కటే. చెయ్యెత్తు, అడుగు. అడగనివాడికి ఎవడూ బంతి ఇవ్వడురా, నువ్వు అక్కడున్నావని వాళ్ళకెలా తెలుస్తుంది అని అరిచేవాణ్ణి.

ఇప్పుడు బాగా అడుగుతున్నాడు.

మార్చి 13

టెరెన్స్ గదికి పిలిచాడు. హెడ్ కోచ్. నాకంటే చాలా చిన్నవాడు, మంచివాడే, గోళ్ళు కొరుకుతాడు.

"ఆరిన్ ఉంటాడా?"

"ఉంటాడు."

"అడిగావా?"

"అడగక్కర్లేదు."

"లైల్, పోర్టల్ తెరుచుకోబోతోంది. వెళ్ళాలనుకున్నవాడు అందులో పేరు పెడితే చాలు, మరుసటి రోజుకల్లా పది కాలేజీలవాళ్ళు వాడి వాకిట్లో ఉంటారు. మనకి వేరే సెంటర్ లేడు. ఉన్నవాడు పోతే నేను ఎవర్ని పెట్టి ఆడించను, నిన్నా?"

"నా మోకాళ్ళు నీవాటికంటే నయం" అన్నాను.

అడగకపోవడానికి కారణం ఉంది. ఇదివరకు ఒక సెంటర్‌ని అడిగాను, ఉంటావు కదా అని. వారం తిరక్కుండా వెళ్ళిపోయాడు. వాడికి ఆ ఆలోచన నేనే పెట్టానని ఇప్పటికీ నా నమ్మకం. నిద్రపోతున్నవాణ్ణి లేపి నిద్రపడుతోందా అని అడుగుతామా?

మార్చి 15

జోనెల్ కూడా అదే మాట. "అడిగెయ్ లైల్. నోట్లో ముత్యాలు రాలిపోవు."

"నీకు సెంటర్ల సంగతి తెలీదు."

"నీతో ఇన్నేళ్ళు కాపరం చేశాను. తెలీకేం, నోరు విప్పని పొడుగాటివాళ్ళు" అంది, తీపి పై కోసే కత్తి నాకిచ్చి. భార్యలకు అన్నీ సులువే.

మార్చి 18

జిమ్‌లో ఆరిన్‌తో ఒక్కడితోనే పనిచేశాను. ఎడమచేతి హుక్ షాట్. రింగ్ వైపు వీపు పెట్టి, కుడివైపు వెళ్తున్నట్టు నమ్మించి, ఎడమచేత్తో తలమీదుగా వంపుగా వెయ్యాలి. ఇది గనక పట్టుబడితే వాణ్ణి ఆపేవాడు లేడు.

మధ్యలో నీళ్ళు తాగుతూ, "వచ్చే ఏడు మన ప్లానేంటి కోచ్?" అన్నాడు.

"ఎడమచేతి హుక్" అన్నాను.

"అది కాకుండా?"

"అది కాకుండా కుడిచేతి హుక్."

సీసా మూత చాలాసేపు బిగించాడు. వాడి చేతుల్లో సీసా మందు శీశాలా ఉంటుంది.

చూశావా, మన ప్లాన్ అన్నాడు. 'మన'. ఉండనివాడు అలా అంటాడా? అడగాల్సిన పనే లేదు.

మార్చి 21

పోర్టల్ తెరుచుకుంది. టెరెన్స్ ఆగలేకపోయాడు. వేరే కాలేజీ నుంచి పోర్టల్లో పేరు పెట్టిన ఇంకో సెంటర్‌ని చూడటానికి పిలిచాడు. పేరు జారెల్ ప్రుయిట్. వీడూ ఏడడుగులే. "గొడుగులాంటిది లైల్, అంతే. గొడుగు కొన్నంత మాత్రాన వాన పడాలని కోరుకున్నట్టా?"

కాదు కదా. సరేనన్నాను. ఆరిన్ శనాదివారాలు ఫారానికి వెళ్తున్నాడు, షెడ్డు మార్చాలట. మంచిదే. వాడికి ఈ సంగతి తెలియాల్సిన అవసరం లేదు.

మార్చి 23

జారెల్ వచ్చాడు, వాళ్ళమ్మతో. ఆవిడ అన్నీ అడిగింది. చదువు, డాక్టరు, ఆదివారం చర్చి ఎంత దూరం. కొడుకు ఏమీ అడగలేదు. తిరగాల్సిన చోట్లన్నీ తిప్పాం, మా ఊరి తీపి వంట పెట్టించాం. మీగడ పై.

చివర్న ఫొటో. వచ్చిన ప్రతి కుర్రాడికీ మా జట్టు చొక్కా తొడిగి, లైట్లు పెట్టి, పొగ వదిలి ఫొటోలు తీయడం ఇప్పుడు అన్ని కాలేజీల్లో ఆచారం. ఫొటో లేకపోతే పెళ్ళిచూపులు జరగనట్టే. సామాను చూసే గిల్ పెట్టెలన్నీ వెతికాడు. జారెల్ భుజాలకు ఏదీ పట్టలేదు. ఒకటి చంకల దగ్గర చిరిగింది కూడా.

"పట్టేది ఒక్కటే ఉంది లైల్. కానీ అది ఆరిన్‌ది" అన్నాడు గిల్. నలభై నాలుగో నంబరు.

అందరూ నన్నే చూశారు. వాళ్ళమ్మ గడియారం చూసుకుంది.

"ఒక్క ఫొటోకే కదా. ఇవ్వు" అన్నాను.

నేనే అందుకుని తొడిగించాను. సరిగ్గా సరిపోయింది.

మార్చి 24

జారెల్ ఆ ఫొటో లోకమంతా చూసేలా పెట్టాడు. నలభై నాలుగు, వెనక పొగ.

మార్చి 25

ఆరిన్ ఫారం నుంచి తిరిగొచ్చాడు. ఎప్పటిలాగే ముందే వచ్చి బరువులు ఎత్తాడు. ఫొటో సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నానమ్మ పంపిందని గుడ్ల అట్ట ఒకటి నా బల్ల మీద పెట్టాడు. బాతుగుడ్లు.

అంతా మామూలే. కోపం వచ్చినవాడు గుడ్లు తెస్తాడా?

మార్చి 26

హుక్ మీద పనిచేశాం. వరసగా పడ్డాయి. చప్పట్లు కొట్టాను. వాడు తల ఊపాడు.

అంతా మామూలే.

మార్చి 28

ఆరిన్ పోర్టల్లో పేరు పెట్టాడు. నాకు చెప్పలేదు. టెరెన్స్‌కి ఆఫీసు నుంచి తెలిసింది, నాకు టెరెన్స్ ముఖం చూస్తే తెలిసింది.

మధ్యాహ్నం జారెల్ తల్లి ఫోను చేసింది. వాళ్ళబ్బాయి వేరే కాలేజీ చూసుకున్నాడట. మర్యాదగా, మీ పై చాలా బాగుంది అని చెప్పి పెట్టేసింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే నేనే.

టెరెన్స్ గోళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. గిల్ మాత్రం వచ్చి తలుపు దగ్గర నిలబడి, "నేను చెప్పాను కదా లైల్, అది ఆరిన్‌దని" అని వెళ్ళిపోయాడు.

నాకు భోజనం సయించలేదు. మూడేళ్ళు. వాడికి బూట్ల తాడు రెండు ముళ్ళు వెయ్యడం దగ్గర్నుంచి నేర్పాను.

మార్చి 29

వెళ్ళాలి. వెళ్ళి ఏం చెప్పను? జోనెల్ కారు తాళాలు నా కాఫీ కప్పు పక్కన పెట్టింది. కప్పు తీసుకున్నాను, తాళాలు తీసుకోలేదు. టైర్లలో గాలి చూసుకోవాలి. రేపు వెళ్తాను.

మార్చి 30

వెళ్ళాను.

ఎల్డా, అంటే ఆరిన్ నానమ్మ, వంటగదిలో పిండి పరిచి నూడుల్స్ కోస్తోంది. లేవలేదు. లేవడం ఆవిడకు పెద్ద పని.

"రా లైల్. వాడు షెడ్డులో ఉన్నాడు. ముందు తిను."

"ఆకలి లేదండి."

"లేకపోతే తినకు. ఎదురుగా కూర్చో, నాకు తిట్టడానికి మనిషి కావాలి."

కూర్చున్నాను. కత్తి ఆపకుండానే మొదలుపెట్టింది.

"మూడేళ్ళ నుంచి ప్రతి ఆదివారం ఫోన్లో నీ గోలే. కోచ్ ఇలా అన్నాడు, కోచ్ అలా అన్నాడు. వినీ వినీ నాకే హుక్ షాట్ వచ్చేసింది. ఒక్క ఆదివారమైనా కోచ్ నన్ను ఉండమన్నాడు అంటాడేమోనని చూశాను. అనలేదు."

"ఉంటాడనే అనుకున్నానండి."

"నువ్వు లోపల అనుకుంటే వాడికెలా వినబడుతుంది? అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నువ్వేమో అమ్మవి కూడా కాదాయె."

బంగాళదుంపల ముద్ద మీద నూడుల్స్ వేసి నా ముందు పెట్టింది. తిన్నాను. తిట్లు తిన్నాక అది లోపలికి వెళ్ళింది.

షెడ్డులో ఆరిన్ బాతులకు గడ్డి పరుస్తున్నాడు. తలుపు వాడి నడుం దాకా వచ్చింది. నన్ను చూసి గడ్డి కింద పెట్టాడు.

"చొక్కా సంగతి చెప్పడానికి వచ్చాను" అన్నాను. "వాడికి పట్టేది అదొక్కటే ఉంది. ఒకటి చంకలో చిరిగింది."

"అంతేనా?"

"అంతే."

"గిల్ పెట్టెలో ఇంకోటి లేదా?"

"లేదు."

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఎంత నవ్వాడంటే బాతులన్నీ ఒక మూలకు పోయాయి. తర్వాత మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నేనేమో పొమ్మనలేక పొగబెట్టారనుకున్నా కోచ్. ఫొటోలో నిజంగానే పొగ ఉంది కదా."

"నీ చొక్కా వాడికి ఇచ్చింది నేనే. గిల్ వద్దన్నాడు."

"తెలుసు. గిల్ చెప్పాడు." చేతులకంటిన గడ్డి దులుపుకున్నాడు. "చొక్కా ఒక్కటే కాదు కోచ్. నేను మిమ్మల్ని అడిగాను. మీరే కదా అడగమని నేర్పారు."

"ఏం అడిగావు?"

"నానమ్మకి రెండో పక్క ఎవరని."

అక్కడ కూర్చోడానికి గడ్డిమోపు తప్ప ఏమీ లేదు, దాని మీదే కూర్చున్నాను.

"మీరు ఫ్రీత్రోలు చూసుకోమన్నారు" అన్నాడు. కోపంగా కాదు, జరిగింది చెప్పినట్టు.

అప్పుడు అడిగాను. ఉండు ఆరిన్ అన్నాను. జట్టు కోసం కాదు, నువ్వు లేకపోతే నాకు బాగోదు, ఉండు అన్నాను. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అలా ఎవరితోనూ అనలేదు. అనడం కష్టమేం కాదు, జోనెల్ చెప్పినట్టే.

వాడు మళ్ళీ గడ్డి చేతిలోకి తీసుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఒహాయో కాలేజీవాళ్ళకి మాటిచ్చేశాను కోచ్."

"సంతకం పెట్టావా?"

"లేదు. మాటిచ్చాను."

వాళ్ళింట్లో మాటంటే మాటే. ఎల్డా ఫారం అమ్మకాలన్నీ నోటిమాట మీదే సాగుతాయి. ఇంకోసారి అడగలేదు. మాట తప్పమని వాణ్ణి అడిగే హక్కు నాకు లేదు.

నిన్న వచ్చి ఉంటే. టైర్లలో గాలి బాగానే ఉంది.

మార్చి 31

వాన. గొడుగు లేదు.

ఏప్రిల్ 17

ఆరిన్ అలమారా ఖాళీ చేశాడు. నాతో చెప్పి, చెయ్యి కలిపి వెళ్ళాడు. వాడి చేతిలో నా చెయ్యి చిన్నపిల్లాడి చెయ్యిలా ఉంది. బూట్లు ఒక జత వదిలేశాడు, పాతవి. గిల్ పారేయబోతే వద్దన్నాను.

బాధగా ఉంది. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను, చాలా బాధగా ఉంది.

సెప్టెంబరు 30

కొత్త సెంటర్ వచ్చాడు, ఇప్పుడే స్కూలు దాటినవాడు. థియో. కాళ్ళు తట్టుకుని రెండుసార్లు పడ్డాడు. మొదటి రోజే అడిగాను.

"నాలుగేళ్ళూ ఉంటావా?"

"కోచ్, నేను నిన్నే వచ్చాను."

"తెలుసు. అడుగుతున్నాను."

"ఇంకా నా మంచం ఎక్కడో కూడా తెలీదు కోచ్."

"తెలిశాకే చెప్పు. మళ్ళీ అడుగుతాను."

వాడు టెరెన్స్ దగ్గరికి వెళ్ళి ఈ ముసలాయనకు ఒంట్లో బాగానే ఉందా అన్నాడట.

డిసెంబరు 8

ఓడాం. థియో చెయ్యెత్తడు. అరిచాను.

ఫిబ్రవరి 11

ఎల్డా ఫోను చేసింది. పలకరింపులు లేవు.

"మార్చి మొదటి ఆదివారం వాడి సీనియర్ల వీడ్కోలు, ఒహాయోలో. నా ఎడమ మోకాలు పూర్తిగా పోయింది. వాడు అడగమన్నాడు, నువ్వు..."

"వస్తాను."

"మాట పూర్తి చెయ్యనీ."

"చెయ్యండి."

"రెండో పక్క నువ్వు పట్టుకుంటావా?"

"వస్తానండి."

"ఈసారి త్వరగానే పలికావే" అంది.

ఫిబ్రవరి 13

మా ఆట ఆ శనివారమే అయిపోతుంది. టెరెన్స్ వెళ్ళిరమ్మన్నాడు. కాలేజీలో నియమాలు చూసే ఆవిడ మాత్రం రెండు రోజులు పుస్తకాలు తిరగేసింది. రేపు టోర్నమెంటులో ఎదురుపడగల జట్టు ఆటను మా కోచ్ కూర్చుని చూడకూడదట. నడవడానికి అభ్యంతరం లేదు. ఆట మొదలయ్యేలోగా ఆ భవనం బయట ఉండాలి.

"తొంగి కూడా చూడకూడదా?"

"చూడకూడదు."

"రేడియో?"

మళ్ళీ పుస్తకం తీసింది. "రేడియో గురించి ఏమీ లేదు" అంది.

మార్చి 1

జోనెల్ నా పాత బూడిదరంగు కోటు ఇస్త్రీ చేసింది. మా కాలేజీ బొమ్మ ఉన్నది వేసుకోకూడదు, వాళ్ళది వేసుకోలేను.

సొరంగం లాంటి నడవలో ఎల్డాను కుర్చీలోంచి లేపాం. ఆరిన్ ఒక పక్క, నేను ఒక పక్క. వాడి వీపు మీద పదిహేనో నంబరు.

"నలభై నాలుగు లేదా ఇక్కడ?" అన్నాను.

"ఖాళీగానే ఉంది కోచ్. నేనే అడగలేదు."

"ఒరే, మళ్ళీ మొదటికొచ్చావా?"

"అది ఇక్కడిది కాదు" అన్నాడు.

"మీ ఇద్దరూ తర్వాత ఏడవండి, నేను నిలబడి ఉన్నాను" అంది ఎల్డా.

నడిచాం. పది నిమిషాల నడక కాదు, ఇంటి గుమ్మంనుంచి గేటుదాకా ఉండేంత. ఎల్డా బరువు అంతా నా వైపే వేసింది. మైకులో చదివారు. ఆరిన్ బాంట్రేగర్, నానమ్మ ఎల్డా బాంట్రేగర్, కోచ్ లైల్ హాబర్‌మన్. వాళ్ళ కోచ్ అక్కడే పూలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జనం ఒక క్షణం ఆగారు, ఎవరీయన అన్నట్టు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఎటు చూడాలో తెలియలేదు. స్కోరుబోర్డు చూశాను.

ఎల్డాను ముందు వరసలో కూర్చోబెట్టి బయటికొచ్చేశాను, నియమం నియమమే. జోనెల్ కార్లో రేడియో పెట్టి ఉంచింది. ఈ పిల్లాడు ఒక్క ఏడాది ఆడి వెళ్ళిపోతున్నాడని ఎవరో అంటున్నారు. ఇంకొకాయన, లేదు, నాలుగేళ్ళూ పూర్తి చేశాడు, మూడు అక్కడ, ఒకటి ఇక్కడ అన్నాడు.

ఆట మొదలైంది. బంతి వీళ్ళదే. ఆరిన్ రింగ్ కింద చోటు పట్టాడని, చెయ్యెత్తి బంతి అడుగుతున్నాడని రేడియోలో చెప్పారు.

"ఇవ్వండ్రా" అన్నాను రేడియోతో. "అడుగుతున్నాడు కదా, ఇవ్వండి."

ఇచ్చారు.